ఉత్తుత్తి స్క్రమ్

జనవరి నుంచి ఫిర్మిన్ ఎడమచేతికి స్పర్శ సరిగ్గా లేదు. బొటనవేలూ చూపుడువేలూ వేరెవరివో తెచ్చి తగిలించినట్టుండేవి. ప్రతి ఆదివారం రగ్బీ ఆటలో, రెండు జట్లూ తలలు వంచి ఒకదాన్నొకటి తోసుకునే స్క్రమ్‌లోకి దిగి, మెడ వంచి, ఎదుటి జట్టు ఎనిమిదిమంది తోపును కాచుకుని లేచాక గంటసేపు పూర్తిగా మొద్దుబారేవి. మెడలో పూస నరాన్ని నొక్కుతోందనీ, ఇంకోసారి గట్టిగా నలిగితే చెయ్యి మళ్లీ రాకపోవచ్చనీ పొరుగూరి డాక్టరు అన్నాడు. ఆ కాగితాన్ని ఫిర్మిన్ ట్రాక్టరు సీటు కింద దాచాడు. భార్యకు కూడా చెప్పలేదు.

చెయ్యి పోతుందన్న భయం అతనికి పెద్దగా లేదు. ముప్పై ఏడేళ్ల వయసులో తనలోకి తొంగిచూసుకుంటే కనిపించిన భయం వేరు. రొట్టెల కొట్లో నిలబడ్డప్పుడు జనం తనవంక జాలిగా చూస్తారు. పదిహేడేళ్లుగా స్క్రమ్ చీకట్లో, చెవులు చెవులు రాసుకునే చోట, అతనికి ముఖంతో పనిలేకపోయింది. బయట దాన్ని ఎలా మొయ్యాలో తెలియదు.

పైగా స్క్రమ్ ముందువరసలో అతని స్థానంలో ఆడటం తెలిసిన రెండోవాడు మార్చిలో కాలు విరగ్గొట్టుకున్నాడు. ఫిర్మిన్ తప్పుకుంటే, తెలియనివాడి మెడ విరక్కుండా రిఫరీ తోపులాట ఆపించేస్తాడు. రెండు జట్లూ ఊరికే ఒకరిమీద ఒకరు ఆనుకుని నిలబడాలి. ఉత్తుత్తి స్క్రమ్ అంటారు దాన్ని. పైగా ఆ పరిస్థితి తెచ్చిన జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. వాళ్ల ఊరి జట్టు మోంబ్రన్ సెప్టెంబరు నుంచి ఒక్కో మ్యాచూ తోసి తోసి గెలిచి, ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది. ఆ ఊళ్లో ఉత్తుత్తి స్క్రమ్ అన్న మాట పైకి అనరు.

క్వార్టర్ ఫైనల్ సగం అయ్యేసరికి తొమ్మిది–ఆరు, మోంబ్రన్‌దే పైచెయ్యి. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎలోయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫిర్మిన్ భార్య తమ్ముడు. స్క్రమ్ ముందువరసలో మధ్యన ఉండేవాడు, ఫిర్మిన్ చెయ్యి వీపు మీదుగా వెళ్లి పట్టుకునేది అతని జెర్సీనే.

"బావా, ఇటు చూడు." జెర్సీ ఎత్తి ఎడమ చంక చూపించాడు.

"ముందెళ్లి స్నానం చేసిరా."

"జోకులొద్దు. ఇక్కడ నీ పట్టు మచ్చ ఉండేది. ఎనిమిదేళ్లుగా ప్రతి సోమవారం, నల్లగా. జనవరి నుంచి లేదు."

ఫిర్మిన్ నోట్లో నారింజ ముక్క అలాగే ఉండిపోయింది.

"వయసురా. పట్టు తగ్గింది."

"నాకా చెప్తావు? నీ చెయ్యి నామీద చచ్చిన చేపలా పడుంటోంది. నేనే నిన్ను లాగి పట్టుకుంటున్నా."

"మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

ఎలోయ్ బూట్లకేసి చూశాడు. "అడిగితే నువ్వు తప్పుకుంటావు. ఉత్తుత్తి స్క్రమ్‌లో నాకేం పని? ఇవాళ ఆడాలనుకున్నా, బావా. నీ మెడ ఏమైపోతే నాకేంలే అనుకున్నా. నిజంగానే అనుకున్నా."

ఫిర్మిన్‌కి కోపం రాలేదు. ఒంటరిగా దాచుకుంటున్నాననుకున్నదాన్ని ఇంకొకడు చెవి పక్కనే ఉండి, నాలుగు నెలలుగా రెండోవైపు పట్టుకుని మోస్తున్నాడు. వింతగా, భుజాలు తేలికయ్యాయి. లేచి కోచ్ గారిగ్ దగ్గరికెళ్లాడు.

"చెయ్యి పనిచెయ్యడం లేదు. మెడ. జనవరి నుంచి."

గారిగ్ చాలాసేపు అతని చేతిని చూశాడు, ముఖాన్ని కాదు. "ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పటికి చెప్పగలిగాను."

"సరే. కోటు వేసుకో. చలి తగిలితే మెడ ఇంకా బిగుస్తుంది." రిఫరీని వెతుక్కుంటూ బయటికెళ్లాడు.

రెండో సగంలో మోంబ్రన్ ఒక మనిషి తక్కువతో దిగింది. ఫిర్మిన్ తన జట్టు స్క్రమ్‌ని బయటినుంచి చూడటం అదే మొదలు. రెండు వరుసలు మెల్లగా వంగి, మెల్లగా ఆనుకున్నాయి. జనం వెక్కిరింపుగా ఈలలు వేశారు.

"ఏరా ఫిర్మిన్, ఏంటిది?" కంచె అవతలి నుంచి ముసలి బతిస్త్ అడిగాడు. ఒకప్పుడు అదే స్థానంలో ఆడినవాడు. "పెళ్లి ఫోటోకి నిలబడ్డారా?"

"నావల్లే. మెడ పోయింది. నేనే తప్పుకున్నా."

ఈలలు ఆగాయి. తలలు తిరిగాయి. అతను భయపడ్డ చూపులే అవి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ముఖాన్ని అలాగే ఉంచాడు.

ఎదుటి జట్టు స్కోరు పదకొండయింది, మోంబ్రన్ తొమ్మిది దగ్గరే ఉంది.

"నోరు పనిచేస్తోందిగా?" అన్నాడు బతిస్త్. "కేకలెయ్యి మరి. మనవాళ్లు ఒకడు తక్కువున్నారు."

ఫిర్మిన్ ఎప్పుడూ కేకలు వేసినవాడు కాదు. మొదటిది పక్కనున్న బతిస్త్‌కే వినపడలేదు. రెండోసారి ఎలోయ్ పేరు బయటికొచ్చింది.