మూడో లెక్క

అయినా పసుపు మండను, కొమ్మును ఒకే డ్రమ్ములో వేసి ఉడకబెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని పొద్దున అమ్మ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోంచి పోవడం లేదు, అంత నవ్వు ఆవిడ ఈ మధ్య ఎప్పుడూ నవ్వలేదు, చేతిలో చాయ్ ఒలికి చీర మీద పడినా ఆగలేదు, ఆ నవ్వుకు కారణమైంది ఇప్పుడు నలభై ప్రతులై జ్యోత్స్న ఒళ్లో బరువుగా కూర్చుని ఉంది, స్పైరల్ బైండింగు, పసుపురంగు అట్ట, అట్ట మీద పెద్దక్షరాలతో మన పసుపు మన పాఠం, ఏడో తరగతి, దాని కింద కొంచెం చిన్న అక్షరాలతో రచన జ్యోత్స్న, గణిత ఉపాధ్యాయురాలు, ఆర్మూర్, ఆ కొంచెం చిన్న అక్షరాలు ఎంత చిన్నగా ఉండాలో నిన్న జిరాక్స్ షాపులో పావుగంట తేల్చుకోలేకపోయింది, మరీ చిన్నదైతే ఎవరికీ కనబడదు, మరీ పెద్దదైతే ఎన్నికల పోస్టరు అనుకుంటారు, ఆ పావుగంటలో మూడో లెక్క ఇంకొక్కసారి చదివి ఉంటే ఎంత బాగుండేది, చదివినా ఏం లాభం, తనకు తెలిస్తే కదా.

జిల్లా మీటింగు హాల్లో ఎదురుగా తెర మీద డిచ్‌పల్లి నుంచి వచ్చిన మాస్టారు పదిహేనో స్లైడు దగ్గర ఉన్నాడు, ఆయనవి ఇరవై ఎనిమిది ఉన్నాయట, ఆయన తర్వాత నవీపేట్ వాళ్లు, వాళ్ల తర్వాత తను, వచ్చే జూన్ నుంచి జిల్లాలోని సర్కారు బడులన్నిటికీ ఊరి బతుకులోంచి పుట్టిన ఒక కొత్త పాఠం పెట్టాలట, పదకొండు ప్రణాళికలు వచ్చాయి, ఎంచేది మాత్రం ఒక్కటే, ఆ ఒక్కదాన్ని సాయంత్రం లోపు ఎంచాల్సినాయన జిల్లా అధికారి సాయిప్రసాద్ సారు, ముందు వరుసలో బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆవలింతను మర్యాదగా మింగుతున్నాడు, పోయిన ఏడాది తన ప్రణాళిక ఆయన దగ్గర్నుంచే తిరిగొచ్చింది, స్థానికత లోపించినది అని ఎర్ర సిరాతో రాసి, లోపించక ఏం చేస్తుంది, ఆర్మూర్ పిల్లలకు ఎప్పటిలాగే ఎదురెదురుగా వచ్చే రైళ్ల లెక్కలు, నీళ్ల తొట్టి నింపే రెండు కుళాయిల లెక్కలు ఇచ్చింది, ఆ ఎర్ర సిరా చూసి రోషమొచ్చి ఈసారి పాఠమంతా పసుపు చల్లింది, భిన్నాల్లో పసుపు, శాతాల్లో పసుపు, సైన్సు పేజీలో పసుపు, సాంఘికంలో పసుపు, ఇంక స్థానికత లోపించినది అని ఎవడంటాడో చూస్తాను అనుకుంది, చివరికి అన్నది అమ్మ, అదీ చదువు రాని అమ్మ.

జరిగింది ఇంతే, పొద్దున ఏడింటికి ఆలూర్‌లో వాకిట్లో కూర్చుని అమ్మకు వినిపించింది, వినిపించాలని కూడా కాదు, మీటింగులో గొంతు తడబడకుండా ఒకసారి బయటికి చదువుకుందామని, అమ్మ లసుమవ్వ డ్రమ్ము దగ్గరికి పోయే తొందరలో నిలబడే చాయ్ తాగుతోంది, ఫిబ్రవరి కదా, చేన్లో తవ్విన పసుపు కుప్పలుగా పడి ఉంది, ఇద్దరు కూలోళ్లు అప్పుడే వచ్చేశారు, జ్యోత్స్న మొదటి లెక్క చదివింది, అమ్మ ఊ అంది, రెండోది చదివింది, అమ్మ ఊ అంది, మూడోది, ఒక డ్రమ్ములో ఎనిమిది తట్టల కొమ్ములు, రెండు తట్టల మండ కలిపి నలభై ఐదు నిమిషాలు ఉడికించినచో, ఆరు గంటలలో ఎన్ని తట్టల పసుపు ఉడుకును, అంతే, చాయ్ ఒలికింది, గదేం లెక్క బిడ్డా, మండను కొమ్మును ఒక్కతాన ఎవలన్న ఏస్తరా, మండ అంటే తల్లి దుంప, గుండ్రంగ గట్టిగుంటది, మస్తు సేపు ఉడకాలె, కొమ్ములు దానికి పుట్టిన పిల్లలాయె, జల్ది ఉడుకుతయి, మండ ఉడికేదాంక ఉంచితే కొమ్ము మెత్తగై పాడైతది, కొమ్మును సూసి దించితే మండ పచ్చిగనే ఉంటది, దేనిది దానికే ఏరుగ ఉడకబెడ్తరు బిడ్డా, గిది మన ఈదిల ఎవల్నడిగినా చెప్తరు.

ఎవరినడిగినా చెప్తారు, అదే కదా నవ్వొచ్చేదీ ఏడుపొచ్చేదీ, ఈ పుస్తకాన్ని తను వారం కిందట తొమ్మిది మంది మాస్టార్లకు పంపింది, వాట్సాప్ గ్రూపులో, అందులో ఆరుగురు పసుపు పండించే ఇళ్లలో పుట్టినవాళ్లే, ఒకాయన కామా తప్పిందన్నాడు, ఒకావిడ ఉడికిస్తే అనే బదులు ఉడికించినచో అంటే గంభీరంగా ఉంటుంది మేడం అంది, మిగతావాళ్లు బొటనవేళ్లు చూపించారు, మూడో లెక్క జవాబు ఎనభై తట్టలు, కరెక్ట్ అని లెక్క చేసి మరీ చెప్పినవాళ్లు ముగ్గురు, ఒక్కరికీ మండ గుర్తు రాలేదు, ఎందుకు వస్తుంది, వాళ్ల అమ్మలూ వాళ్లను డ్రమ్ము దరిదాపులకు రానిచ్చి ఉండరు, తన అమ్మలాగే, పసుపు ఉడికే రోజుల్లో తను ఒక్కడుగు అటు వేస్తే చాలు, ఏడికొస్తున్నవు, చేతులకు అంటితే నోటుబుక్కు ఖరాబైతది, పో, పోయి సదువుకో అని తరిమేది, తనూ హాయిగా పోయేది, నిజం చెప్పాలంటే ఆ పొగా ఆ ఘాటూ తనకూ ఇష్టం ఉండేవి కావు, లోపల కూర్చుని రైళ్ల లెక్కలు చేసుకునేది, అలా చేసి చేసి ముప్ఫై ఎనిమిదేళ్లకు పసుపు పాఠం రాసే పండితురాలైంది.

ఏం మేడం, సమోసా సల్లగైతున్నది అంటున్నాడు పక్కనుంచి అబ్దుల్ రషీద్ సారు, ఉర్దూ మీడియం బడి హెడ్మాస్టరు, ప్రణాళిక ఏమీ తేలేదు, రమ్మని ఆర్డరొచ్చింది, వచ్చిన, సమోసా తింటున్న, అదీ ఆయన తన గురించి తనే చెప్పుకున్న మాట, జ్యోత్స్న ఇక ఆపుకోలేక మూడో లెక్క సంగతి గుసగుసగా ఆయన చెవిన వేసింది, ఆయన భుజాలు కదిలేలా నవ్వి, నవ్వును దగ్గుగా మార్చి, సాయిప్రసాద్ సారు వెనక్కి తిరిగి చూస్తే మంచినీళ్లు తాగి, మెల్లగా అన్నాడు, ఫికర్ చేయకు మేడం, గీ హాల్ల ఎవలకు ఎరుక, నువ్వు చెప్పకపోతే ఖుదా కసమ్ ఎవ్వలూ పట్టుకోరు, గని నాదొక్క మాట, నీ బుక్కు మా బడికి గూడ వస్తది గదా, మా ఏడో తరగతి అస్రా ఇంటికి వోయి డ్రమ్ము ఏడున్నదమ్మీ అని అడిగితే వాళ్లమ్మ షహర్బానో బీడీల చాట చూపిస్తది, వాళ్లింట్ల పసుపు కూరల వడేదే, మస్తు లెక్కలున్నయి ఆమె కాడ, ఎన్ని ఆకులకు ఎన్ని బీడీలు, ఎన్ని బీడీలకు ఒక కట్ట, నోటితోనే చెప్తది, గని గది నేను పాఠంల పెడితే ఆరోగ్యశాఖోళ్లొచ్చి నన్ను లోపలేస్తరు, అని తన మాటకు తనే మళ్లీ దగ్గాడు.

నవ్వింది గానీ లోపల ఏదో గుచ్చుకుంది, నిజమే, నవీపేట్ పిల్లలకు వరి, అస్రాకు బీడీలు, పసుపు చూడని పిల్లలు జిల్లాలో సగం మంది, అందరినీ ఒకే డ్రమ్ములో పోసి నలభై ఐదు నిమిషాలు, ఒక్క పీరియడ్, ఛీ, మూడో లెక్క ఒక్కటే కాదు, పుస్తకమంతా మూడో లెక్కే, అయినా ఇప్పుడేం చేయగలం, ప్రతులు కొట్టించేశాం, రషీద్ సారు అన్నట్టు ఎవరికీ తెలియదు, లేచి చదివి కూర్చుంటే సరి, స్థానికత పుష్కలంగా ఉంది, సాయంత్రానికి ఎంచుతారు, జూన్‌లో జిల్లాలోని ప్రతి బడిలోనూ రచన జ్యోత్స్న, ఆలూర్‌లోనే ఏదో ఒక పిల్ల ఆ లెక్క ఇంట్లో గట్టిగా చదువుతుంది, వాళ్లమ్మ నవ్వుతుంది, నవ్వితే నవ్వనీ, నవ్వకపోతేనో, అక్కడ ఆగిపోయింది మనసు, ఎందుకంటే పొద్దున అమ్మ నవ్వడం ఒక్కటే కాదు, నవ్వాక జ్యోత్స్న ముఖం చూసింది, నలభై ప్రతుల వైపు చూసింది, నవ్వు ఆపేసింది, ఏమో బిడ్డా, బుక్కుల గట్లనే ఉంటదేమో, నాకేం ఎరుక, సదువుకున్నదానివి నీకే ఎరుక అని గ్లాసు కడగడానికి లేచిపోయింది, నలభై ఏళ్లు పసుపు ఉడికించిన మనిషి ఒక్క లెక్క విని తనదే తప్పేమో అనుకుంది, ఆ మాట గుర్తొచ్చేసరికి చేతిలో సమోసా పక్కన పెట్టేసింది.

జ్యోత్స్న మేడం, ఆర్మూర్, అని పిలిచారు, లేచింది, ప్రతులు పంచింది, బాగుందండీ అట్ట అని ఎవరో అన్నారు, సాయిప్రసాద్ సారు పుస్తకం తిరగేసి ఈసారి స్థానికత కనిపిస్తున్నది మేడం అని చిరునవ్వు నవ్వాడు, ఏడాదిగా ఎదురుచూసిన చిరునవ్వు అది, దాన్ని కళ్లారా ఒక్క క్షణం చూసుకుని, అయ్యో పోతే పోనీ అనుకుని, సార్, మూడో లెక్కల తప్పున్నది, ఎవరన్నా చెప్పండి అంది, ఆ మాట అలా బయటికి వచ్చేశాక ఎంత తేలికైందో, హాల్లోని వాళ్లంతా ఒక్కసారి మూడో లెక్క మీద పడ్డారు, సెల్‌ఫోన్లలో క్యాలిక్యులేటర్లు, సాయిప్రసాద్ సారు స్వయంగా చెయ్యి చాచి పెన్ను అడిగి ఆరు గంటలను నిమిషాలు చేసి నలభై ఐదుతో భాగించి పదితో గుణించి, ఎనభై, కరెక్టే కదా మేడం, తప్పేమీ లేదు అన్నాడు, లేదంటున్నరు సార్ మీరు, ఉన్నదని చెప్పినామె వేరే ఉన్నది అని ఏ ధైర్యంతో ఫోను తీసిందో తనకే తెలియదు, అమ్మకు కలిపింది, స్పీకరు నొక్కింది.

రెండు రింగులు, మూడు, డ్రమ్ము చప్పుడు, ఆవిరి బుస్సుమంటోంది, ఏం బిడ్డా, జర ఆగు, మంట జూస్తున్న అంది అమ్మ గొంతు హాలంతటా, అందరూ నవ్వారు, అమ్మా, ఇక్కడ పెద్ద సార్లున్నరు, పొద్దుగాల చెప్పినవు సూడు, మండ సంగతి, గది మళ్లొక్కసారి చెప్పు అంది జ్యోత్స్న, ఓ యవ్వా, సార్లా, నేనేం చెప్తనే, నాకు సిగ్గైతది, అని ఫోను పెట్టేసేలా ఉంది, అప్పుడు జ్యోత్స్న ఆ సార్లందరినీ మరచిపోయి, మీటింగును మరచిపోయి, నిజంగా తెలుసుకోవాలనిపించి అడిగింది, అమ్మా, మండ ఉడికిందని నీకెట్ల ఎరుకైతది, గడియారం సూస్తవా, అమ్మ డ్రమ్ము దగ్గర్నుంచి పక్కకు జరిగినట్టుంది, ఆవిరి చప్పుడు తగ్గింది, మెత్తగా, గిప్పుడడిగినవా బిడ్డా, గిన్నేండ్లకు అంది.

ఆ తర్వాత ఆవిడను ఆపడం ఎవరి వల్లా కాలేదు, గడియారమెందుకు, పుల్ల గుచ్చాలె, సప్పున దిగాలె, జర ఆపినట్టనిపిస్తే ఇంకా కానట్టు, ముందుగాల ఘాటు ముక్కుకు కొడ్తది, ఉడికినంక కమ్మటి వాసనొస్తది, ఎండినంక ఇరిస్తే ఠక్కుమనాలె, మెత్తగ వంగిందంటే ఇంకా రెండు దినాలు ఎండాలె, అని చెప్పుకుంటూ పోతోంది, హాల్లోని మాస్టార్లంతా వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు, సాయిప్రసాద్ సారు అమ్మా, కొంచెం మెల్లగా, ముక్కుకు కొడ్తది దాకా రాసుకున్న అన్నాడు, డిచ్‌పల్లి మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మా అమ్మ కూడా ఉడకబెట్టేది, నన్ను దగ్గరికే రానియ్యకపోయేది అని ఎవరికీ కాకుండా చెప్పుకున్నాడు, రషీద్ సారైతే నేరుగా ఫోను దగ్గరికే వచ్చి సలామ్ లసుమవ్వ, మస్తు పాఠం చెప్పినవ్ అంటే, ఉండుండ్రి సారూ, నా మండ పాడైతది అని ఆవిడే పెట్టేసింది.

హాలు సద్దుమణిగాక సాయిప్రసాద్ సారు అంతా బాగానే ఉంది మేడం, మరి ఇప్పుడు జిల్లాకు ఏ పాఠం పంపాలి, తప్పున్నది పంపలేను కదా అన్నాడు, జవాబు జ్యోత్స్న నోట్లో సిద్ధంగా ఉంది, ఎప్పుడు తయారైందో తెలియదు, పాఠం వద్దు సార్, ప్రశ్నలు పంపుదాం, జిల్లా అంతటికీ ఒక్కటే ప్రశ్నల పుస్తకం, మీ ఇంట్ల ఏం పని చేస్తరు, అయిందని ఎట్ల ఎరుకైతది, ఎన్నింటికెన్ని, ఎందుకు, జవాబుల కాడ ఖాళీ పేజీలు, పిల్లలు ఇంటికి పోయి అడిగి రాసుకొస్తరు, దాంట్లకెంచి మేము లెక్క చెప్తం, సైన్సు చెప్తం, పసుపోళ్లకు పసుపు, వరోళ్లకు వరి, అస్రా ఏం రాసుకొస్తదో రషీద్ సారే సూస్కుంటడు, అంది, రషీద్ సారు వెనకనుంచి జైలుకైనా పోతా అన్నాడు, సాయిప్రసాద్ సారు నవ్వి, గడ్డం గోక్కుని, ముందు మూడు బడుల్లో చేసి చూద్దాం, ఆర్మూర్, ఆలూర్, రషీద్ సారుది, సంక్రాంతి దాకా నిలబడితే మిగతా బడులకూ పంపుదాం, అయితే మేడం, జవాబులు పిల్లలే రాస్తే అట్ట మీద రచన అని ఎవరి పేరు వేయాలి, అని అడిగాడు.

అది వింటే నిన్నటి జ్యోత్స్నకు గుండె ఆగిపోయేది, ఇవాళ్టి జ్యోత్స్నకు నవ్వొచ్చింది, పేరు వద్దు సార్, చుక్కల గీత పెడదాం, ఎవర్నడిగి రాసుకున్నరో పిల్లలే వాళ్ల పేరు రాసుకుంటరు అంది, వచ్చి తన కుర్చీలో కూర్చుంది, ఒళ్లో మిగిలిన ఒక్క ప్రతిలో తన పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టింది, దాని పైన లసుమవ్వ, ఆలూర్ అని రాసింది, రాస్తుంటే తెలిసింది, ఈ పేరు తను ఇదివరకు ఎన్నోసార్లు రాసింది, పదో తరగతి ఫారంలో, కాలేజీ ఫారంలో, ఉద్యోగం ఫారంలో, ఎప్పుడూ తల్లి పేరు అన్న గడిలోనే, చదువుకో పో అని అమ్మ ఇన్నేళ్లూ తనను పంపిస్తూనే ఉంది, తను చదువుకుని పోతూనే ఉంది, వెనక్కి తిరిగి అమ్మా నీకేం తెలుసు, నాకు చెప్పు అని అడిగింది మాత్రం ఇవాళే మొదలు.