నైరుతి మూల మట్టి

అక్తర్ బేగం గారి వంటింట్లో బురద పోసింది మీరు, సుధాకరరావు గారూ. వాన మీదికి నెట్టకండి. ఈ ఊళ్లో వాన కొత్తా? మీకు అడ్డదారి చూపించిన మేస్త్రీని నేనే, తిరుమలని. అందుకే గొంతెత్తాలంటే సిగ్గుగా ఉంది. అయినా ఎత్తుతాను.

క్లెమెంటి స్టేషన్ దాటాక ఆ ఏటవాలు వీధిలో పైన మీ ఇల్లు, కింద ఆవిడ ఇల్లు. మధ్యలో ఒక్క పాత గోడ. మీ స్థలం ఆవిడ వైపుకే వాలి ఉంది. అది నైరుతి.

"నైరుతి పల్లమైతే ఇంటికి నిలకడ ఉండదయ్యా. ఈశాన్యంలో తవ్వి ఆ మట్టంతా అక్కడ పొయ్యి. నాలుగడుగులు లేవాలి" అన్నారు మీరు.

"అంత మట్టి కదిపితే అనుమతి కావాలి సార్. జారిపోకుండా ఏం చేస్తామో ఇంజనీరు చేత ప్లాన్ వేయించి పంపాలి."

"గురువారం ముహూర్తం. ఆలోపు వస్తుందా?"

రాదు. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోవాల్సింది. పని చేజారుతుందని భయపడ్డాను.

"గేటుకి తగిలించే కాగితం మీద తోట పని అని రాద్దాం సార్. మొక్కలు పెట్టుకుంటే ఎవడడుగుతాడు?" అన్నాను.

మీరు నవ్వి భుజం తట్టారు. మా కూలీల డార్మిటరీలో నీళ్లు రాకపోతే మేనేజరు మీదికి పోయినవాణ్ణి, మీరలా తట్టేసరికి పొంగిపోయాను. థూ!

గోడకానించి మేం పోసిన మట్టి మూడో వానకి దిగింది. గోడ కింది సందులోంచి దూరి వంటింట్లో పాదం మునిగేంత పేరుకుంది. సంగతి తెలిసి పరిగెత్తాను. బేగం గారు చీపురు పట్టుకుని ఉన్నారు.

"ఆ, రా తిరుమలా! మీ వాస్తు నడుచుకుంట వచ్చి నా వంటింట్ల కూసుంది. చాయ్ పొయ్యనా దానికి?"

మనవరాలు అలీనా గోడకి స్కేలు ఆనించి చూస్తోంది. "అంకుల్, వాల్ ఇటు వచ్చేసింది లా! దాదీ రూమ్ పక్కనే."

బేగం గారు ఫోన్ నా మొహం ముందు పెట్టారు. మీ గేటుకి నేను తగిలించిన కాగితం ఫోటో.

"తోట పని అని రాసినవ్. మొక్కేది బేటా?"

తిట్టినా బాగుండేది.

అక్కణ్ణుంచి మీ దగ్గరికొచ్చాను. "సందుకి సిమెంటు పూయించు. మట్టి మాత్రం ముట్టుకోకు" అన్నారు. ట్రైన్ టైమైందని రాఫెల్స్ ప్లేస్‌లో మీ ఉద్యోగానికి వెళ్లిపోయారు.

నేను అనుమతులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేశాను. అది మట్టి పని, అనుమతి లేదు, అబద్ధం రాసింది నేను, ఒప్పుకుంది మీరు. వాళ్లు రేపు పొద్దున చూడ్డానికి వస్తారు. నా పని పోతే పోనీ.

కానీ మబ్బు రేపటిదాకా ఆగదు. ఇప్పుడే సెలవు పెట్టి రండి. ఇంజనీరుని వెంటబెట్టుకుని రండి. ఆయన చెప్పినట్టు గోడ మీద బరువు దించాలి, మనుషుల్ని నేను తెస్తాను. అన్నిటికంటే ముందు బేగం గారి తలుపు కొట్టండి. తప్పయిందని చెప్పి, గోడ పక్క గదిలోంచి ఆవిడ మంచం తీయడానికి ఒక వైపు మీరు పట్టుకోండి, రెండో వైపు నేను పడతాను.