అక్కయ్య వేలికి కట్టు

మా ఆవిడ ఉంగరం కనిపించకుండా పోయిన రోజున ఇల్లంతా నాకంటే ఎక్కువగా వెతికింది మా అక్కయ్యే. మంచం కింద దూరింది. పరుపు ఎత్తి దులిపింది. పిండి డబ్బాలో చెయ్యి పెట్టి కెలికింది. అదీ కుడిచెయ్యే. ఎడమచేతి ఉంగరపు వేలికి ఇంత లావు గుడ్డకట్టు ఉంది మరి.

"కూరలు తరుగుతుంటే తెగిందిరా," అంది.

మా ఆవిడ చనిపోయి అప్పటికి నెల కాలేదు. నాకు ఇంత వండిపెట్టడానికని అక్కయ్య వచ్చి ఉంది. ఆ ఉంగరం ఆసుపత్రిలో తీసి నా చేతికిచ్చారు. రాయి లేదు, తీగలాంటి సన్నటి బంగారం. తెచ్చి కుట్టుమిషను సొరుగులో గుండీల పక్కన పెట్టాను.

నేను బడిపంతుల్ని. కట్ల సంగతి నాకు కొంత తెలుసు. నిజంగా దెబ్బ తగిలినవాడు కట్టు విప్పి మరీ చూపిస్తాడు. హోంవర్కు ఎగ్గొట్టినవాడు ముట్టుకోనివ్వడు. అక్కయ్య ముట్టుకోనివ్వలేదు. పైగా స్నానాలగది గడియకి నూనె కారుతోంది. పొద్దున పెట్టిన కొత్త సబ్బు సాయంత్రానికి సగమైంది.

అడిగేస్తే సరిపోయేది. అడగలేదు. ఆ ఇంట్లో నాకు నవ్వొచ్చి చాలా రోజులైంది.

మర్నాడు, "అక్కా, అటక మీద కూడా చూద్దామా?" అన్నాను.

"చూద్దాం, దాందేముంది," అని నిచ్చెన ఎక్కింది పాపం.

"అక్కడా లేకపోతే బావని పిలవాలి."

"ఆయన్నా? కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి!"

ఆ సాయంత్రం నేను పిలవకుండానే బావ వచ్చాడు. వస్తూనే సంచిలోంచి తీగలు కోసే పట్టకారు తీశాడు.

"ఏదీ, చెయ్యి ఇలా తే."

అక్కయ్య కళ్ళతో సైగ చేసింది. బావకి సైగలు అర్థం కావు.

"ఉంగరం కోయమన్నావా ఫోన్లో, వేలు కోయమన్నావా?" అని నా వైపు తిరిగాడు. "మాస్టారూ, నాకు సరిగ్గా వినిపించలేదు."

"మీ నోటికి తాళం వెయ్యా!"

ఇక దాచడానికేం మిగల్లేదు. కట్టు విప్పింది. వేలు ఉబ్బిపోయి ఉంది. ఉంగరం కండలోకి దిగి గీతలా కనిపిస్తోంది. నా నవ్వు అక్కడితో పోయింది. గోరు నొక్కి చూశాను. తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది.

"తిమ్మిరిగా ఉందా?"

"లేదురా. సిగ్గుగా ఉంది."

"ఎందుకు పెట్టుకున్నావక్కా?"

"గుండీ కోసం సొరుగు తెరిచాను. ఇది కనిపించింది. 'నా ఉంగరం నీ చిటికెన వేలికి కూడా ఎక్కదు వదినా' అని నన్ను ఎన్నేళ్ళు ఆటపట్టించిందిరా! ఎక్కించి చూపిస్తానని నేనూ పందెం కాశాను. ఎక్కింది. చూడ్డానికి అదేదీ?"

బావ పట్టకారు సంచిలో పెట్టేశాడు.

"వేలు నల్లబడినా, మొద్దుబారినా ఆసుపత్రికెళ్ళి ఉంగరం కోయించేద్దాం," అన్నాను.

"వద్దురా. దాని వస్తువు నా చేత్తో ముక్కలు చేసినట్టవుతుంది."

"వేలు ముఖ్యం అక్కా."

చెయ్యి గుండెకంటే పైకి ఎత్తించి కూర్చోబెట్టాను.

"ఇన్నేళ్ళకి ఒక్క ప్రశ్నకి జవాబు తెలిసినట్టుంది మీ అక్కకి," అన్నాడు బావ.

తర్వాత ఆ చేతిని చల్లటి నీళ్ళలో ఉంచాం. వాపు కొంచెం తగ్గింది. ఇక వేలికి చుట్టి ఉంగరం జార్చడానికి దారం కావాలి. ఇంట్లో గట్టి దారం ఒక్కచోటే ఉంది, కుట్టుమిషను మీది కండెలో. దాని కొస సూదిలో ఉంది. సూది కింద వంటింటి కిటికీ తెర ఉంది, సగం దాకా కుట్టింది. ఆసుపత్రికి బయల్దేరిన పొద్దున ఆవిడ ఎలా వదిలిందో అలాగే.

"అది తియ్యకురా. బజారు నుంచి తెప్పిద్దాం," అంది అక్కయ్య మెల్లగా.

సూదిలోంచి లాగేశాను.

కొసను సబ్బునీళ్ళలో తడిపి ఉంగరం కింద నుంచి అరచేతి వైపుకు దూర్చాను. మిగతా దారాన్ని ఉంగరం పక్క నుంచి మొదలుపెట్టి, కణుపు దాటేదాకా సందు లేకుండా బిగువుగా చుట్టాను. అరచేతి వైపున్న కొస పట్టుకుని, గోరు వైపుకు నెమ్మదిగా విప్పుతూ వచ్చాను. ఒక్కో చుట్టు విడుతుంటే ఉంగరం కొంచెం కొంచెం జరిగింది. కణుపు మీద మొరాయించింది.

"అబ్బా! దాని మొండితనమంతా దీనికొచ్చిందిరా!"

"పందెం ఓడానని ఒప్పుకో, వదిలేస్తుంది," అన్నాడు బావ.

"చచ్చినా ఒప్పుకోను! ఎక్కిందిగా!"

అంతలో ఉంగరం జారి సబ్బునీళ్ళ గిన్నెలో పడింది. ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఎక్కువసేపు నవ్వాను.

ఉంగరం మళ్ళీ సొరుగులో గుండీల పక్కన ఉంది. అక్కయ్య వేలి మీద గీత పోయింది. పందెం తనే గెలిచానని ఇప్పటికీ ఫోన్లో చెబుతోంది. దారం కడిగి, ఆరబెట్టి కండెకు చుట్టాను. దాన్ని మిషనుకు ఎక్కించడం నాకు రాదు. వంటింటి కిటికీ తెర ఇంకా కుట్టలేదు.