ఎర్రదారం కట్టిన పాలసీసా

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకున్న రెండు పళ్లూ ఇప్పుడే రాలిపోవాలి!

మన పైవాటాలో, నాటకాలవాళ్ల ముఖాలకు రంగులేసే పిల్ల ఉందే, పొద్దున్నే లేచి బ్రష్షులు కడిగి ఆరేస్తుంది, హెచ్ఐవీ మాత్ర వేసుకుంటుంది, చంటాడికి సీసా పాలు కలుపుతుంది. ఆమె ఒంట్లో కాపలావాళ్లు, అవేనే, డాక్టర్లు యాంటీబాడీలంటారే, కర్ర తాటించుకుంటూ తిరుగుతారు. టక్, టక్. ఆ చప్పుడు ఏడు వీధులకు వినిపిస్తుంది.

"అమ్మాయ్, కాస్త మెల్లగా తిరగమను! టీవీ వినపడి చావట్లేదు," అని కిందవాటా ఆయన రోజూ అరుస్తాడు.

"ఏం చెయ్యను మావయ్యా? ఆ వైరస్ ఒళ్లంతా పంచదార పూత పూసుకుని, పూటకో వేషం మారుస్తుంది. పోల్చుకోవడానికి మావాళ్లు తిరగొద్దూ?"

"మరెలా పోలుస్తారు?"

"ఎన్ని వేషాలేసినా కణం తలుపు తియ్యాలంటే చెయ్యి చాపాల్సిందేగా! ఆ చేతిని రెండు చేతులా పట్టేస్తారు. ఇక తలుపు తియ్యలేదు. తప్పించుకునేవీ బోలెడు, అందుకే మాత్ర."

"అచ్చం మా బావమరిదే! ఏ వేషంలో వచ్చినా కంచం దగ్గర చెయ్యి చాపక తప్పదు."

వాడు కడుపులో ఉండగానే ఆమె కాపలావాళ్లు కొందరు చంటాడికి తోడు వెళ్లారు. వాడి రొమ్ములోనూ టక్, టక్. అది విని, పిల్లల్ని చూసుకునే కేంద్రంలో పెద్దావిడ వాడి పాలసీసాకు ఎర్రదారం కట్టి కిటికీలో విడిగా పెట్టింది. నిన్న ఏకంగా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వీడికీ ఉంది. ఇక తీసుకురాకు."

వాణ్ణి అక్కడ వదలకపోతే రంగుల పిల్ల పని పోతుంది. చంకలో బిడ్డతో రాజుగారికి మీసాలు అంటిస్తుందా?

"అవి నేనిచ్చిన కాపలావాళ్లమ్మా! డాక్టరమ్మ వైరస్‌నే వెతికి చూసింది. వీడికి లేదు."

"కాపలా ఉందంటే దొంగ ఉన్నట్టేగా!"

దీని తెలివి తెల్లారినట్టే ఉంది! నీ తలుపుకు గొళ్లెం ఉంది, నీ ఇంట్లో దొంగున్నాడా? అయినా ఉంటే మాత్రం? ఎత్తుకుంటే అంటుతుందా, పక్కన పడుకుంటే అంటుతుందా? పసివాడి మీదా నీ ప్రతాపం!

రంగుల పిల్లకు ఒళ్లు మండిపోయింది. "అయితే అందరి రొమ్ములూ వినండి!" అంది.

చంటాడు గుక్కపెట్టి ఏడ్చాడు. వాడి టక్‌టక్ జోరందుకుంది. దానికి లోపల ఉయ్యాలలన్నీ బదులు పలికాయి. ఎవరికి వాళ్లమ్మ పంపిన కాపలా ఉంది మరి. కిటికీలు అదిరాయి, సున్నం రాలింది. ఆఖరికి పెద్దావిడ రొమ్ములోనూ, టక్! ఆవిడ చెయ్యి పెట్టి చూసుకుంది. పక్కకు జరిగింది. చంటాడు లోపలికి వెళ్లాడు, తల్లి పనికి వెళ్లింది.

కానీ ఆ సీసా ఇంకా కిటికీలోనే ఉందిట!

ఏమిటే, నోరు తెరుచుకుని వింటున్నావ్? లే. వెళ్లి ఆ ఎర్రదారం తెంపి, సీసాను మిగతా సీసాల మధ్య పెట్టి రా. అడ్డొస్తే నేను పంపానని చెప్పు. కత్తెర దేనికి? కొరికెయ్. నీకు పళ్లున్నాయిగా!