వెర్లీన్ కూనిరాగం

వెర్లీన్‌కు అనుమానం ఊరికే రాలేదు. పెంచిన పిల్ల మొహం చాటేస్తే ఎవరికైనా వస్తుంది. చెల్లెలి కూతురు షాంటెల్ అదే ఊళ్ళో, మెంఫిస్‌లోనే, కూతవేటు దూరంలో ఉంటూ ఈమధ్య పెద్దమ్మ గడప తొక్కడం లేదు. కొత్త ఆల్బమ్ పనిలో ఉందట. డెబ్బైల నాటి సినిమాల నేపథ్య సంగీతం పోకడలో సోల్ అనే నల్లవాళ్ళ బాణీ పాటలు చేస్తోందట. "ఏం పాటలే అవి?" అని ఫోన్‌లో అడిగితే, "వింటావుగా పెద్దమ్మా" అని దాటేసింది.

దానికి తోడు ఆ ఆల్బమ్ నిర్మాత డెస్మండ్. లాస్ ఏంజెలిస్ నుంచి ఊడిపడ్డాడు. ఇంటికొచ్చి కడుపారా తిని, "ఆ పాత స్టూడియో టేపులు ఎక్కడున్నాయో మీకేమైనా తెలుసా అమ్మా?" అని తేనె పూసినట్టు అడిగి వెళ్ళాడు. అంత తియ్యగా మాట్లాడేవాళ్ళను వెర్లీన్ నమ్మదు.

వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక సినిమాకు కూనిరాగం తీసింది. మాటల్లేవు. హీరో వానలో ఒంటరిగా నడిచి వెళ్ళేటప్పుడు వెనక వినిపించాలి, అంతే. ఆ సినిమా విడుదలే కాలేదు. టేపు అడిగితే కనబడటం లేదన్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గొంతుకు ఆపరేషన్ అయి, బొంగురు ఒక్కటే మిగిలింది. ఆమె పాడిన గుర్తు ఎక్కడా లేదు. చర్చి పాటల బృందం కోయిర్‌లో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఆమెను వంటావిడ అనుకుంటారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి వెనక హాల్లో చేపల విందు పెట్టి, షాంటెల్ తనవాళ్ళకే ముందుగా ఆల్బమ్ వినిపించింది. డెస్మండ్ స్పీకర్ల దగ్గర నిలబడ్డాడు. వెర్లీన్ వాడి మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏమే, మొహం అలా పెట్టావు? ముల్లు గుచ్చుకుందా?" అంది పక్కనున్న స్నేహితురాలు లుయెల్లా.

"గుచ్చుకోబోతోంది. నువ్వు నోరు మూసుకుని విను."

వయొలిన్లు మొదలయ్యాయి. వాటి వెనక నుంచి మాటల్లేని కూనిరాగం ఒకటి మెల్లగా పైకెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట చిన్నగా విరిగి, మళ్ళీ లేచింది.

వెర్లీన్ చేతిలోని పళ్ళెం బల్ల మీద పడింది. ఆ విరుపు ఆమెదే. రికార్డింగ్ రోజున జలుబు చేసి గొంతు విరిగితే, మళ్ళీ తీసే తీరిక లేదని అలాగే ఉంచేశారు.

"ఆపవయ్యా!" అని లేచింది. "నా టేపు ఎక్కడ దొరికింది? వాడుకునే ముందు నన్నొక మాట అడగాలని మీ ఇద్దరిలో ఒక్కరికైనా తోచలేదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు డెస్మండ్ తడబడ్డాడు. "వెతికిన మాట నిజమేనమ్మా. దొరకలేదు. స్టూడియో పడగొట్టినప్పుడే అన్నీ చెత్తలో పోశారట."

"పోస్తే ఈ గొంతెవరిది? మీ తాతదా?"

"నాదే పెద్దమ్మా" అంది షాంటెల్.

"అబద్ధం! ఆ విరుపు రాగంలో లేదే. నా జలుబది!"

షాంటెల్ బిత్తరపోయింది. "జలుబా? నాకు జడలేస్తూ ఎప్పుడూ అలాగే పాడేదానివి. రాగమే అంత అనుకున్నా. ఆల్బమ్ మీద రాగం నీదని వేయించాను కూడా. ముందే చెబితే వద్దంటావని నీకు కనబడకుండా తిరిగాను."

మైకు లేకుండా అక్కడే పాడి చూపించింది. గొంతు సరిగ్గా అక్కడే విరిగింది. హాలంతా చప్పట్లు. లుయెల్లా కళ్ళు తుడుచుకుంటూ, "కోయిర్ పిల్లలూ, విన్నారటే? మా వెర్లీన్ పాట అది!" అని అరిచింది.

వెర్లీన్ మెల్లగా కూలబడింది. షాంటెల్ వచ్చి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

"కోపం పోయిందా పెద్దమ్మా?"

"పోయిందే తల్లీ. బంగారంలా పాడావు." షాంటెల్ తల నిమిరింది. తర్వాత ఆ బొంగురు గొంతుతోనే అంది: "కానీ నువ్వు దొంగతనమే చేసి ఉంటే బాగుండేదే. నా గొంతు ఇంకా ఎక్కడో ఉందనుకున్నాను."