సరిగ్గా ఇరవై మంది

పొద్దుటి నుంచి ఆమె కాలుకాలిన పిల్లిలా తన ఇంటికీ పక్కింటికీ మధ్య తిరుగుతూనే ఉంది. కుట్టుమిషను మీద జాకెట్టు ముక్క ఎక్కడిదక్కడే పడి ఉంది. పక్కింటి ముందు లారీ ఆగి ఉంది. మిల్లు మూతపడ్డాక ఆ వీధిలో ఖాళీ అవుతున్న ఏడో ఇల్లది. అద్దె సగానికి దించినా అడిగే నాథుడు లేడు.

జనాభా లెక్కలావిడ ఇంకా వెనక వీధిలోనే ఉంది. ఐదేళ్లలోపు పిల్లలు ఇరవై మందైనా లేకపోతే ఊళ్లో ఆసుపత్రి ఎత్తేస్తారని నర్సమ్మ చెప్పింది. తన పాపకి మూడేళ్లు. ఆయాసం వచ్చిందంటే నర్సమ్మ మిషనుతో ఆవిరి పట్టాల్సిందే, లేకపోతే పిల్లకి ఊపిరాడదు. తనే వీధివీధీ తిరిగి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పక్కింటి కవలలతో కలిపి సరిగ్గా ఇరవై.

అందుకే సామాను సర్దడానికి సాయం వచ్చింది. గిన్నెలు ఒక్కొక్కటీ కాగితంలో చుట్టింది. కట్టిన మూటను, ముడి వదులైందంటూ విప్పి మళ్లీ కట్టింది.

"నువ్వు ఇలా సాయం చేస్తే కవలలకి పెళ్లీడొచ్చాక బయల్దేరతాం," అంది పక్కింటావిడ.

"ఒక్క గంట ఆగక్కా. లెక్కలావిడ వచ్చి పిల్లల్ని రాసుకున్నాక వెళ్దురుగాని."

"ఇక్కడ రాయిస్తే అక్కడ రాయరే. అక్కడి లెక్కలో ఉంటేనే సర్కారు బడిలో చేర్చుకుంటారట. మిల్లు జీతంలో మూడో వంతు కూడా ఇప్పుడు మీ బావగారి కూలికి రావట్లేదు. ఫీజుల బడికి ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టను?"

ఆమె కవలల్ని చెరో చేత్తో పట్టుకుని తన ఇంట్లోకి తీసుకొచ్చి, పాప ముందు కూర్చోబెట్టి, ఖాళీ దారపు రీళ్లు పోసింది.

అంతలో లెక్కలావిడ వచ్చి గడప మీద కూర్చుంది.

"నెలకి ఎంత వస్తుందమ్మా?"

"ఏం చెప్పనండీ. కొత్తవి కుట్టించుకునేవాళ్లంతా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు పాతవే బిగించుకుంటున్నారు."

లెక్కలావిడ ఏదో రాసుకుని లోపలికి తొంగి చూసింది. "ముగ్గురూ మీ పిల్లలేనా?"

పక్కింటావిడ పరుపు నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర ఆగిపోయింది. అంతా వినే ఉంటుంది, అయినా వాళ్లు తన పిల్లలని చెప్పలేదు. ఆమె పాప వంక చూసింది.

"పాప ఒక్కతే మాది. వాళ్లు ఊరు వదిలి వెళ్తున్నారు."

లెక్కలావిడ లేచి అవతలి ఇంటికి వెళ్లింది. పక్కింటావిడ పరుపు దించి, లోపలికొచ్చి కవలల్ని లేవదీసింది.

"నువ్వు నిజం చెప్తుంటే ఒక్క క్షణం నీ నోరు నొక్కేయాలనిపించిందే."

"నాకూ అలాగే అనిపించిందక్కా."

వాళ్లు లారీ ఎక్కుతుంటే ఆమె ఇంట్లో నిలవలేకపోయింది. పాపని చంకనెత్తుకుని, ఇంటికి తాళం వేసి, ఫోనులో టైము చూసి నడక మొదలుపెట్టింది. పెద్దాసుపత్రికి వెళ్లే బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. మలుపు దగ్గర లారీ నెమ్మదించింది.

"ఎక్కవే, బస్టాపు దగ్గర దింపుతాం."

"వద్దక్కా. పిల్లనెత్తుకుని నడిస్తే ఎంతసేపు పడుతుందో చూడాలి."

లారీ రేపిన దుమ్ము తగలకుండా పాప ముక్కుకి కొంగు అడ్డం పెట్టింది. మళ్లీ టైము చూసింది. పదకొండు నిమిషాలు. ఇంకా సగం దారి కూడా కాలేదు. పిల్లని రెండో చంకకి మార్చుకుని అడుగు పెంచింది.