డబ్బాలో మూడో డిస్కు

“ఈ డీవీడీ ఎందుకు పెడ్తారో ఏమో. దండగ.”

కొత్త సినిమా డబ్బా విప్పినప్పుడల్లా హర్షవర్ధన్ ఈ మాట అంటాడు. భార్య సుప్రజ వింటూనే పైగదిలో అలమర తుడుస్తూ ఉంటుంది. హైదరాబాదు కంపెనీ ఒకటి పాత తెలుగు సినిమాలను శుభ్రం చేసి, గీతలు పోగొట్టి, ఒక్కో సినిమాను మూడు డిస్కుల మీద అచ్చేసి ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతోంది. పెద్ద తెరకు ఫోర్‌కే, ఇంట్లో మామూలు టీవీకి బ్లూరే, పాత ప్లేయర్లకు డీవీడీ. వాటి కింద, ఫోన్లో చూసుకోవడానికి కోడు రాసిన చీటీ ఒకటి. హర్షవర్ధన్ మొదటిదాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుంటాడు. మిగిలినవి డబ్బాలో పుట్టి డబ్బాలోనే ముసలివైపోతాయి. పొద్దంతా ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో తల నుంచి కాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని వచ్చే మనిషి, డబ్బా మీద ఇంత దుమ్ము కనబడితే మాత్రం వీధి చివరికి వినబడేట్టు అరుస్తాడు. అందుకని ఆదివారం పొద్దున మెత్తటి గుడ్డతో, తడి తగలకుండా, వరస మారకుండా తుడిచే పని సుప్రజది. వారమంతా రాయచోటి దారిలోని హైస్కూల్లో సోషల్ చెప్పి వచ్చే పంతులమ్మకు ఆదివారం దొరికే విశ్రాంతి అది.

సాయంత్రం ఆయన స్నేహితులు వస్తారు. ఆ గదిలో సుప్రజ చూసిన సినిమాలు బోలెడు, పూర్తిగా చూసింది ఒక్కటీ లేదు. మిరపకాయ బజ్జీల పళ్లెం పట్టుకుని వెళ్లేసరికి నాయికకు పెళ్లి జరుగుతుంటుంది, టీలు పట్టుకుని వెళ్లేసరికి ఆమె తెల్లచీర కట్టుకుని మూల కూర్చుని ఉంటుంది. నడుమ ఏమైందండీ అని అడిగితే, “తర్వాత చెప్తాలే, అడ్డం తప్పుకో” అంటాడు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. పోనీ వాళ్లయినా సినిమా చూస్తారా అంటే అదీ లేదు. నలుపు ఎంత నల్లగా ఉందో చూడప్పా అని ఒకరు ఆపుతారు, చీర జరీ దారం దారం కనిపిస్తాండాది అని ఇంకొకరు వెనక్కి తిప్పిస్తారు. ఆ చీర కట్టుకున్న మనిషి ఎందుకు ఏడుస్తోందో ఒక్కరూ అడగరు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం, పొద్దున కుదరక భోజనాలయ్యాక తుడుస్తుంటే చెయ్యి జారి ఒక డబ్బా కింద పడింది. మూత ఊడి డీవీడీ దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. గీత పడిందేమోనన్న భయంతో సుప్రజ దాన్ని కొంగు చాటున పెట్టుకుని కిందికి దిగింది. కింద అత్తగారి గదిలో పాత టీవీ, దాని పక్కన మామగారు బతికున్నప్పుడు భజనల కోసం కొన్న ప్లేయరూ ఉన్నాయి. ఒక్క నిమిషం ఆడించి చూసి, బాగుంటే ఎవరికీ తెలియకుండా మళ్లీ డబ్బాలో పెట్టేద్దామని ఆమె ఆలోచన.

తెర మీద పేర్లు పడుతున్నాయి, వెనక ఆ సినిమాలోని పాట వినబడుతోంది. మంచం మీద వత్తులు చేసుకుంటున్న నాగలక్ష్మమ్మ తలెత్తి చూసింది. చూసి, చేతిలోని దూది పక్కన పెట్టింది.

“అది ఆపొద్దు పాపా. ఈ సినిమా నేను చూసినా. కానీ ఇట్ల మొదలైతాదని నాకు తెల్దు.”

“చూసినానంటావు, మొదలు తెలీదంటావు, ఏందత్తా?”

అప్పుడు చెప్పింది ఆమె. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఏ కోపమూ లేకుండా, ఊళ్లో వానల సంగతి చెప్పినట్టు చెప్పింది. “మన ఇండ్లల్లో ఆడోళ్లను సినిమాకు పిల్చుకపోయేదే గొప్ప. బద్వేలుకు జీపులో పోతాంటిమి. లోపల లైట్లు ఆరినాంకనే మేం పోవల్ల, మళ్లా లైట్లు ఎలగకముందే బయటికి రావల్ల. పదిమంది మగోళ్లు మన మొగాలు చూస్తే మర్యాద యాడుంటాది? ఇంగ ఆఖరు అనంగ వెనకనుంచి ఒకరొచ్చి భుజం తట్టేటోళ్లు, లెయ్యండి అని. వచ్చి జీపులో కూచునేటోళ్లం. మగోళ్లు మాత్రం శుభం పడిందాక చూసి వస్తాండ్రి.”

“మామను అడగొచ్చు గదా, ఆఖరున ఏమైందని?”

“అడగకేం! అడిగితే, అంతా మంచే జరిగింది, పోయి బువ్వ పెట్టు అనేటోడు.”

సుప్రజకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే, పైగదిలో బజ్జీలకూ టీలకూ నడుమ జారిపోయిన సినిమాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అత్తను జీపులో కూర్చోబెట్టారు, తనను వంటింట్లో నిలబెట్టారు, తేడా అంతే కదా అనిపించింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఆ సినిమాను మొదటి నుంచి శుభం దాకా చూశారు. ఆయన పైన కునుకు తీస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఒక డీవీడీ కిందికి దిగేది, సాయంత్రం లోపల పైకెక్కేది. ఆ పూటల్లోనే సుప్రజ తన అత్తను మొదటిసారి చూసింది. పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆమె చేతి పచ్చళ్లూ మోకాళ్ల నొప్పులే తెలుసు తప్ప, ఆ తలలో ఇంత సినిమా ఉందని తెలియదు. ముగింపులు చూడనివ్వకపోతే నాగలక్ష్మమ్మ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తనే కట్టుకుంది. ఊళ్లో శనక్కాయలు ఒలిచే ఆడవాళ్లకు ఆ కథలు తన ముగింపులతో చెప్పేదట. వాళ్లు పనాపి వినేవాళ్లట. ఒక సినిమాలో, తాగుబోతు మొగుడు వెళ్లగొట్టిన ఇల్లాలు కుట్టుమిషను పెట్టుకుని పిల్లలను చదివిస్తుంది. ఆఖర్న మొగుడు తిరిగొస్తాడు. అసలు సినిమాలో ఆమె పరుగెత్తుకెళ్లి ఆయన కాళ్ల మీద పడి ప్రాణం విడిచింది. అది చూసి నాగలక్ష్మమ్మకు ఒళ్లు మండింది.

“ఇదేంది పాపా, ఇంత గట్టి మనిషిని తీసుకపోయి ఆఖర్న ఇట్ల పారేసినాడు! నా కథలో ఆయమ్మి మిషను మీద నుంచి తల గూడ ఎత్తదు. ఈ జాకెట్టు అయినాంక మాట్లాడతా, అరుగు మీద కూచో అంటాది.”

“నీదే మేలత్తా,” అంది సుప్రజ. మాటవరసకు అనలేదు. బడిలో పాఠాలు చెప్పే తనకు ఇన్నేళ్లలో ఒక్క కథ ముగింపునైనా మార్చాలని తోచలేదు. అక్షరమ్ముక్క రాని ఈమె ఊరి ఆడవాళ్లందరికీ బతికి బయటపడే దారులు చెప్పి వచ్చింది. అలాంటి అత్త తనకు దొరికినందుకు సుప్రజకు గర్వంగా ఉండేది, ఆ గర్వం చెప్పుకునేందుకు మాత్రం ఎవరూ లేరు.

ఒక్క సినిమాకు మాత్రం నాగలక్ష్మమ్మ ముగింపు కట్టలేకపోయింది. అది ఆమె కొత్తకోడలిగా చూసిన మొదటి సినిమా. అందులో ఒక ఇల్లాలి మీద నింద వేస్తారు. ఊరంతా కూడి, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడుగుతారు. “ఆయమ్మ తలెత్తింది పాపా. నోరు తెరిసింది. అంతే, నా భుజం మీద చెయ్యి పడింది, లెయ్యమని. ఏం చెప్పిందో ఏమో! ఏడ్సిందని అనుకుంటి, ఒట్టు పెట్టుకుందని అనుకుంటి. ఏది పెట్టినా సాల్లేదు. ఇన్నేండ్లు అయినా ఆయమ్మ అట్ల నోరు తెరుచుకునే నిలబడి ఉండాది నాకు.”

చీటీల మీది కోడులు కూడా సుప్రజకే దక్కాయి. కోడు ఒక్కసారే పనిచేస్తుంది. ఆ ఒక్కసారి ఈ ఇంట్లో ఇంకెవరికీ అక్కరలేదు కాబట్టి తన ఫోన్లో కొట్టుకుంది. పొద్దున్నే బస్సులో గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే సిగ్నలు పోతుంది, ముందే దించిపెట్టుకున్న సినిమా మాత్రం ఆగదు. పక్కసీటులో కృపమణి టీచరు కూడా ఒక చెవిలో వైరు పెట్టుకుని చూసేది. ఒకే డబ్బా. మొగుడికి పైగదిలో ఒకటి, అత్తకు కిందగదిలో ఒకటి, కోడలికి బస్సులో ఒకటి. ఈ ఇంట్లోకి వచ్చిన వస్తువుల్లో ఆడవాళ్ల వాటా కూడా కలిపి అమ్మినది ఇదొక్కటే అనుకునేది సుప్రజ. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు, అంతే.

తెలియకపోవడం వల్లనే గొడవంతా వచ్చింది. డిస్కులు పోగుచేసేవాళ్ల వాట్సాప్ గుంపులో పెద్ద చర్చ నడిచింది, ఇలా మూడూ కలిపి కొనడం లాభమా దండగా అని. కొద్ది తేడాకు మూడూ వస్తుంటే పోనీలే అని కొందరు, చూడనిదానికి ఎందుకియ్యాల అని కొందరు. హర్షవర్ధన్ అన్నం తింటూ ఆ చర్చంతా చదివి వినిపించాడు.

“దండగ కాదేమో,” అంది సుప్రజ, పెరుగు వడ్డిస్తూ.

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు, అదే ఆమెకు మరీ కష్టంగా అనిపించింది. “వీటి సంగతి నీకేం తెలుసు సుప్రజా? నువ్వు ఒక్క సినిమా అన్నా పూర్తిగా చూసినావా?”

చూడనివ్వనిది ఎవరు అన్న మాట నాలుక దాకా వచ్చి, పెరుగు గరిటెతో పాటు గిన్నెలో పడిపోయింది. ఆయన చెప్పుకుపోతున్నాడు. ఇకనుంచి ఒక్క డిస్కు ఉండే డబ్బాలే తెప్పిస్తాడట. ఉన్న డీవీడీలన్నీ స్నేహితుడు భూపేష్‌కు ఇచ్చేస్తాడట. గండికోటలో భూపేష్ రిసార్టు పెట్టాడు, గదుల్లో పాత సినిమాలు పెడితే వచ్చేవాళ్లకు సరదాగా ఉంటుందట. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు.

“అవి అత్త చూస్తుందండీ.”

“అమ్మనా? డీవీడీలో ఏం కనపడతాదని? ఒకరోజు పైన పెద్ద తెర మీద చూపిస్తాలే.”

ఆ ఒకరోజు కూడా తర్వాత లాంటిదేనని సుప్రజకు తెలుసు. పైకి మెట్లెక్కే మోకాళ్లు అత్తకు లేవనీ తెలుసు. అయినా మాట్లాడలేదు, ఎందుకంటే అంతకుముందు రోజే ఇంకో డబ్బా వచ్చింది. బొమ్మ చూడగానే నాగలక్ష్మమ్మ గుర్తుపట్టింది. అదే, ఆమె ముగింపు కట్టలేకపోయిన సినిమా. ఆదివారం మధ్యాహ్నం చేతిలో ఉంది, ముందు అది చూసేస్తే చాలుననుకుంది.

ఆదివారం భోజనాలైన వెంటనే పరదాలు లాగి ఇద్దరూ కూర్చున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, గదిలో చీకటి చల్లగా ఉంది. నాగలక్ష్మమ్మ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు, మంచినీళ్లు కూడా అడగలేదు. తెర మీద ఊరు కూడింది. నింద వేశారు. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు హర్షవర్ధన్, వెనక భూపేష్.

“సుప్రజా, ఆ సీడీ ఆపి తియ్యి. భూపేష్ ముందే వచ్చినాడు, చీకటి పడకముందే పోవల్లంట.”

సుప్రజ లేవలేదు. పక్కన మంచం కిర్రుమంది. నాగలక్ష్మమ్మ లేచి నిలబడి ఉంది. ఎవరూ ఆమెను లేవమనలేదు. కొంగు భుజం నిండా కప్పుకుని, తల వంచుకుని, తెర వైపు చూడకుండా తలుపు వైపు అడుగు వేస్తోంది. కోపం లేదు, బాధ కూడా లేదు ఆ ముఖంలో. లేవాల్సిన వేళ అయింది, లేచింది, అంతే. అది చూసిన సుప్రజకు సంగతి అర్థమైంది. కొడుకు చెయ్యి తల్లి భుజం దాకా రానక్కర్లేదు. అప్పుడు లెయ్యమని తట్టిన చెయ్యి ఆమె భుజం మీదే ఉండిపోయింది ఇన్నేళ్లూ. ఈరోజు తను కూడా లేస్తే రేపు తన భుజం మీదా ఉంటుంది.

“కూచో అత్తా,” అంది.

నాగలక్ష్మమ్మ ఆగింది. “మగోళ్లు వచ్చినారు పాపా.”

“రానీ. నువ్వు కూచో.” చెయ్యి పట్టుకుని మళ్లీ మంచం మీద కూర్చోబెట్టి, మొగుడి వైపు తిరిగింది. తన గొంతు ఇంత మామూలుగా ఉండటం చూసి తనకే ఆశ్చర్యమేసింది. “ఇవి ఎవరికీ ఇయ్యొద్దండీ. ఇంట్లో చూసేవాళ్లం ఉండాం. ఇంకమీదట కూడా మూడూ ఉండే డబ్బాలే తెప్పియ్యండి. ఇప్పుడు ఆఖరికి వచ్చింది. చూస్తే నిలబడి చూడండి, లేకుంటే తలుపేసి పోండి.”

హర్షవర్ధన్ గోడ దగ్గరికి జరిగాడు. “చూడనీలేప్పా,” అన్నాడు భూపేష్ నెమ్మదిగా, చెప్పులు గడప అవతలే విడిచిపెట్టి.

తెర మీద ఎవరో అడిగారు, నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా అని. ఆమె తలెత్తింది. నోరు తెరిచింది. సుప్రజ అరచేతిలో అత్త వేళ్లు బిగుసుకున్నాయి.

“నన్ను అడిగేందుకు మీరెవరు?” అంది ఆమె. అని, కూడిన ఊరిని చీల్చుకుంటూ నడిచిపోయింది.

“అట్ల గూడ అనొచ్చని నాకు తట్టనే లేదే పాపా,” అంది నాగలక్ష్మమ్మ. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. ఆ నడిచిపోయే మనిషి చిన్నదై, చుక్కయి, శుభం అని అక్షరాలు పడ్డాయి. అక్షరాలు చదవడం రాకపోయినా అవి ఏమిటో ఆమెకు తెలుసు. పోయేదాకా చూసింది.

తర్వాత భుజం నిండా కప్పుకున్న కొంగు సడలించి, గోడ దగ్గర దిక్కుతోచక నిలబడిన కొడుకును పిలిచింది.

“హర్షా, లైటు ఎయ్యి నాయనా. మేం ఈడ కూచోనుండేది అందురూ చూడనీ.”